"సైకోపాత్ టెస్ట్" పుస్తకం చదివి టీంలో ఒక్కొక్కరికీ మార్కులు వేస్తున్నారు

బెళ్ళందూరు_బాలు
మా ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద. టీంలో కొంతమందికి చదివే అలవాటు ఉంది, నెలకో పుస్తకం అనుకుని చదివి మాట్లాడుకుంటాం. ఈసారి జర్నలిస్టు జాన్ రాన్సన్ రాసిన "ద సైకోపాత్ టెస్ట్" తీసుకున్నాం. 2011లో వచ్చిన పుస్తకం. జాలి, పశ్చాత్తాపం లేకుండా మనుషుల్ని వాడుకునేవాళ్ళని సైకోపాత్‌లంటారు, వాళ్ళ గురించి. చర్చ బాగానే జరిగింది. గొడవంతా ఆ తర్వాతే.

ఒకడు అందులోని 20 లక్షణాల జాబితాని ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి గ్రూపులో పెట్టాడు. ఒక్కో లక్షణానికి 0, 1, 2 మార్కులు. మొదట మేనేజర్‌కి వేసి నవ్వుకున్నారు. తర్వాత డైరెక్టర్‌కి. ఇప్పుడు కొత్తగా చేరిన ఒక కుర్రాడికి వేశారు. అనంతపురం వైపు అబ్బాయి, మాట తక్కువ. టీం లంచ్‌కి రాడు, జోకు వేస్తే నవ్వడు, పని చేసుకుని వెళ్ళిపోతాడు. ప్రొడక్షన్‌లో ఏదో పగిలినప్పుడు సారీ చెప్పలేదని "పశ్చాత్తాపం లేదు" దగ్గర 2. అలా కూడి 40కి 26 తేల్చారు. మీటింగ్‌లో ఎవరో స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఆ షీట్ తెరిచే ఉంది, అతను చూశాడు. ఆ రోజు నుంచి కాఫీకి కూడా లేవడం లేదు.

అడిగితే "లైట్ తీసుకో, సరదాకి" అంటున్నారు. ఇది పుస్తకం తప్పా, చదివినవాళ్ళ తప్పా? ఇలాంటి జాబితా మామూలు జనం చేతికి ఇవ్వొచ్చా?

పుస్తకాల_మూర్తి
చదివినవాళ్ళ తప్పే. మీ వాళ్ళు సగం చదివి ఆపేసినట్టున్నారు. ఆ జాబితా తయారు చేసిన రాబర్ట్ హేర్ దగ్గర రాన్సన్ మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్తాడు కదా, బయటికి రాగానే అతనికి కనిపించినవాళ్ళందరిలో సైకోపాత్‌లే కనిపిస్తారు. ఆ మత్తు తనకి ఎలా ఎక్కిందో, తర్వాత ఎలా భయమేసిందో రాయడమే ఆ పుస్తకంలో అసలు సంగతి. మీ టీం ఆ మత్తు దగ్గరే ఆగింది.

హెచ్‌ఎస్ఆర్_ప్రశాంతి
నేను ఒప్పుకోను. ఆ పుస్తకం నాకు చాలా మేలు చేసింది. పాత కంపెనీలో నా మేనేజర్ ఉండేవాడు. పై వాళ్ళ ముందు తేనె పూసిన కత్తి. నా డిజైన్ తన పేరుతో చూపించేవాడు, నేను అడిగితే "నీకు కాన్ఫిడెన్స్ తక్కువ, అందుకే ఇలా అనిపిస్తోంది" అనేవాడు. నిజంగానే నాకే ఏదో తేడా ఉందనుకుని రాత్రుళ్ళు నిద్ర పోయేదాన్ని కాదు. ఆ జాబితా చదివాక తేడా నాలో లేదని అర్థమైంది. రిజైన్ చేశాను. సామాన్యులకి ఇవ్వకూడదంటే ఎలా?

డాక్టరమ్మ_లావణ్య
క్లినికల్ సైకాలజీలో పని చేస్తాను, బెంగళూరే. బాలు గారూ, ముందు మీ షీట్ సంగతి.

హేర్ చెక్‌లిస్ట్‌ని మేం పీసీఎల్-ఆర్ అంటాం. కెనడా జైళ్ళలో ఏళ్ళ తరబడి పని చేసి తయారు చేశాడు. 20 అంశాలు, గరిష్ఠం 40. ఉత్తర అమెరికాలో 30 లేదా ఆపైన వస్తే సైకోపతీ అంటారు, యూరప్‌లో చాలాచోట్ల 25 దగ్గరే గీత గీస్తారు. అంటే ఆ గీత కూడా దేవుడు గీసింది కాదు. వేసేవాళ్ళకి శిక్షణ ఉండాలి. గంటల తరబడి ఇంటర్వ్యూ చేయాలి, మనిషి చెప్పిన మాటల్ని పోలీసు, కోర్టు, ఆస్పత్రి ఫైళ్ళతో సరిచూడాలి. ఎందుకంటే ఈ మనుషులు అబద్ధం అలవోకగా చెప్తారు. ఫలానా రోజు సారీ చెప్పాడా లేదా అని చూడరు. చిన్నప్పటి నుంచి ఇంట్లో, బడిలో, పనిలో, పెళ్ళిలో అన్నిచోట్లా అదే తీరు ఉందా అని చూస్తారు.

ఆ 20లో ఒకటి, షరతుల మీద జైలు నుంచి విడుదలై ఆ షరతులు తప్పడం. ఇంకోటి, మైనరుగా ఉన్నప్పుడు చేసిన నేరాలు. మీ అనంతపురం అబ్బాయికి వీటికి ఎంత వేశారు?

ఇంకో మాట. జాబితాలో మొట్టమొదటి అంశమే నోటి తీపి, పైపై ఆకర్షణ. మాట్లాడని మనిషికి అక్కడ సున్నా రావాలి.

బెళ్ళందూరు_బాలు
జైలు దానికి, మైనరు దానికి సున్నాలే అక్కా. పెళ్ళిళ్ళ దానికీ సున్నా. అంటే మిగిలిన 17 అంశాల్లోంచి 26 లాగారు. మొదటిదానికి 1 వేశారు, "తెలివిగా సైలెంట్‌గా ఉంటాడు" అని పక్కన రాసి మరీ.

గాంధీబజార్_గోపి
మాట్లాడితే మాయగాడు, మాట్లాడకపోతే మహా మాయగాడు. ఇంక ఆ కుర్రాడు ఏం చేస్తే పాసవుతాడు?

పుస్తకాల_మూర్తి
గోపీ, పుస్తకంలో టోనీ కథ అచ్చం ఇదే. పదిహేడేళ్ళ వయసులో ఒకణ్ణి చావగొట్టి పట్టుబడ్డాడు. జైలు కన్నా ఆస్పత్రి సుఖంగా ఉంటుందని ఎవరో చెప్తే పిచ్చి నటించాడు, సినిమాల్లోంచి డైలాగులు ఎత్తి అప్పజెప్పాడు. తీసుకెళ్ళి ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌మూర్ మానసిక ఆస్పత్రిలో పడేశారు. లోపలికి వెళ్ళాక "నాకేం లేదు, నటించాను" అంటే ఎవరు వింటారు? మంచిగా ఉంటే ఆస్పత్రి వాతావరణం వల్ల మంచిగా ఉన్నాడన్నారు. ఎవరితోనూ కలవకపోతే ఒంటరితనం లక్షణమన్నారు. చివరికి డాక్టర్లు కూడా నటించాడనే ఒప్పుకున్నారు. అయితే అంత మోసం చేయగలగడమే సైకోపాత్ లక్షణం అన్నారు! రాన్సన్ కలిసేనాటికి లోపల 12 ఏళ్ళు గడిచాయి.

మారతహళ్ళి_మధు
పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట. ఆ సామెతలో రోకలి అడిగింది పిచ్చివాడు. ఇక్కడ అడిగింది డాక్టర్లు.

డాక్టరమ్మ_లావణ్య
మధు గారూ, కొంచెం ఆగండి. టోనీ చెప్పినదంతా నిజమని రాన్సన్ కూడా తేల్చలేదు. చెక్‌లిస్ట్‌లో అతనికి నిజంగానే ఎక్కువ మార్కులు వచ్చాయి, అతను చేసిన దాడి చిన్నదేం కాదు. తర్వాత ట్రిబ్యునల్ విడుదల చేసింది. పుస్తకం చదివితే అతను సగం సైకోపాత్ అన్నట్టు అనిపిస్తుంది. ఆ పుస్తకంలో నాకు నచ్చింది ఆ "సగం" అన్న సంగతే. మనుషులు 29 దగ్గర మామూలుగా ఉండి 30 దగ్గర మారిపోరు.

కోరమంగళ_కిరణ్
రోజెన్‌హాన్ ప్రయోగం గురించి ఎవరూ ఎత్తలేదే? 1973లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఏ జబ్బూ లేని ఎనిమిది మంది 12 ఆస్పత్రులకి వెళ్ళి చెవిలో ఏవో మాటలు వినిపిస్తున్నాయని చెప్పారు. చేర్చుకున్నారు. లోపలికి వెళ్ళాక మామూలుగా ఉన్నా వదల్లేదు, సగటున 19 రోజులు ఉంచారు. సైకియాట్రీ అంతా గాలిమేడ అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పుస్తకాల_మూర్తి
కిరణ్, దాని మీద సుసానా కహాలన్ 2019లో ఒక పుస్తకమే రాసింది. ఆ ఎనిమిది మందిలో చాలామంది ఆచూకీ ఎంత వెతికినా దొరకలేదు. రోజెన్‌హాన్ సొంత ఆస్పత్రి రికార్డుల్లో ఉన్నది ఒకటి, పేపర్లో రాసింది ఇంకొకటి. దాన్ని అంత గట్టి ఆధారంగా పట్టుకోవడం ఇప్పుడు కష్టం.

కోరమంగళ_కిరణ్
అది తెలుసు. అయినా ఆ ఒక్క పేపర్ దెబ్బకే కదా 1980లో స్పిట్జర్ అనే సైకియాట్రిస్ట్ డీఎస్ఎం, అంటే అమెరికా డాక్టర్ల మానసిక జబ్బుల పుస్తకం, మొత్తం తిరగరాసి ప్రతి జబ్బుకీ ఇన్ని లక్షణాలు ఉండాలని లెక్క పెట్టింది? ఆ లెక్కల పిచ్చి అక్కడే మొదలైంది. బాలు వాళ్ళ ఎక్సెల్ షీట్ దాని మనవడు.

డాక్టరమ్మ_లావణ్య
ఒక్క పేపర్ దెబ్బకే కాదు. అంతకుముందు ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూస్తే రెండు జబ్బుల పేర్లు చెప్పేవారు. ఆ గందరగోళం తగ్గించడానికే లక్షణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్క లేకపోతే డాక్టరుగారి మూడ్ బట్టి జబ్బు పేరు వస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఇంకో సంగతి, డీఎస్ఎంలో సైకోపతీ అనే జబ్బే లేదు. దానికి దగ్గరగా ఉన్నది యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే ఎదుటివాళ్ళ హక్కుల్ని అదేపనిగా తొక్కే తీరు. రెండూ ఒకటి కావు. జైళ్ళలో మొదటిదాని కన్నా రెండోది చాలా ఎక్కువమందికి ఉంటుంది.

షేర్ల_శీను
మీరంతా జైళ్ళ దగ్గరే ఆగారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఆల్ డన్‌లాప్ చాప్టర్. 1996లో సన్‌బీమ్ అనే అమెరికా కంపెనీకి సీఈవోగా వచ్చి 12,000 మంది ఉద్యోగుల్లో సగం మందిని తీసేస్తానన్నాడు, షేరు ఎగిరింది. 1998లో బోర్డు అతన్నే తీసేసింది. ఖాతాల్లో గోల్‌మాల్ కేసులో 2002లో 5 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డాడు, ఇంకెప్పుడూ పబ్లిక్ కంపెనీలో ఆఫీసర్‌గా ఉండకూడదన్నారు. రాన్సన్ ఫ్లోరిడాలో అతని ఇంటికి వెళ్తే ఎక్కడ చూసినా సింహాలు, పులుల బొమ్మలు. జాబితా చదివి వినిపిస్తే ఒక్కోదాన్నీ నాయకత్వ లక్షణంగా మార్చి చెప్తాడు. మనుషుల్ని ఆడించడం అంటే లీడర్‌షిప్ అట. సీఈవోల్లో నాలుగు శాతం సైకోపాత్‌లే అని నేను ఊరికే నమ్మలేదు.

డాక్టరమ్మ_లావణ్య
ఆ 4 శాతం 2010లో బబియాక్, హేర్ వాళ్ళు చేసిన పరిశోధనలోది. చూసింది 203 మందిని, మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి ఎంపికైన ఉద్యోగులు. సీఈవోల్ని లెక్కపెట్టి తీసిన అంకె కాదు.

హెచ్‌ఎస్ఆర్_ప్రశాంతి
శీను గారు చెప్పిందే నేను కూడా. అలాంటివాళ్ళు ఉన్నారు. గుర్తుపట్టడానికి సైకాలజీ డిగ్రీ ఉండాలంటే నాలాంటివాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

లాల్‌బాగ్_రేవతి
ప్రశాంతీ, నీ పని దొంగిలించాడు, నిన్నే అనుమానించుకునేలా చేశాడు. ఉద్యోగం మానేయడానికి ఆ రెండూ చాలవా? అతని మెదడులో ఏముందో నీకెందుకు? జబ్బు పేరు పెట్టకుండా కూడా చెడ్డ పని చెడ్డ పనే.

హెచ్‌ఎస్ఆర్_ప్రశాంతి
చాలదక్కా. "చెడ్డ మేనేజర్" అంటే అందరూ సర్దుకుపో అంటారు. మా అమ్మ కూడా అదే అంది. ఆ పుస్తకం చేతిలో ఉంటేనే సర్దుకుపోనక్కర్లేదన్న ధైర్యం వచ్చింది. కానీ నేను షీట్ చేసి గ్రూపులో పెట్టలేదు. ఆ తేడా ఉంది.

తమ్ముడి_అన్న
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒకటి చెప్పాలి.

మా తమ్ముడికి బైపోలార్, అంటే విపరీతమైన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు. ఇద్దరం బీటీఎంలో అద్దెకి ఉండేవాళ్ళం. దానికి వాడు లిథియం అనే మందు వేసుకుంటాడు. మూడు నాలుగు నెలలకోసారి రక్తంలో లిథియం ఎంతుందో చూపించుకుంటాడు, ఎండాకాలం నీళ్ళు తగ్గకుండా చూసుకుంటాడు, వాంతులు విరేచనాలు అయితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తాడు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది, రోజూ ఎన్ని గంటలు నిద్రపోయాడో పెన్నుతో రాస్తాడు. నిద్ర తగ్గితే అదే మొదటి హెచ్చరిక. నాకు తెలిసినవాళ్ళలో వాడంత క్రమశిక్షణ ఉన్న మనిషి లేడు.

మందుల షాపు నుంచి వచ్చిన కవరు పొరపాటున ఓనర్ ఇంట్లో ఇచ్చారు. వాళ్ళబ్బాయి మందు పేరు నెట్‌లో వెతికాడు. రెండో రోజు ఓనర్ పైకి వచ్చి "ఫ్యామిలీస్ ఉండే బిల్డింగ్, మీవాడు సైకో అంట కదా" అన్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ పేరుతో ఒకటికి రెండు నెలల అద్దె కోసుకున్నాడు.

బైపోలార్ వేరు, మీరు చెప్పుకుంటున్న సైకోపతీ వేరు. ఒకటి మందుతో అదుపులో ఉండే జబ్బు. మా తమ్ముడు జబ్బు ముదిరినప్పుడు తన డబ్బంతా పంచిపెట్టాడు, తర్వాత నెలల తరబడి ఏడ్చాడు. పశ్చాత్తాపం లేకపోవడం కాదు, మనిషి మోయలేనంత పశ్చాత్తాపం. పాపులర్ పుస్తకాలు అన్నింటినీ ఒకే అట్ట మధ్యలో కలిపి పెడతాయి. చదివినవాడు మరిచిపోతాడు, మేం ఇల్లు వెతుక్కుంటాం.

లాల్‌బాగ్_రేవతి
ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు? ఇల్లు దొరికిందా?

తమ్ముడి_అన్న
దొరికిందండి, బన్నేరుఘట్ట రోడ్డు వైపు. ఈ ఓనర్ రిటైర్డ్ నర్సు. ఆమెకి ముందే చెప్పాం.

లాయర్_మల్లేశ్వరం
తమ్ముడి_అన్న గారూ, మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 మూడో సెక్షన్ చూడండి. గతంలో చికిత్స తీసుకున్నాడన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బు ఉందని తేల్చకూడదు. జబ్బు ఉందని తేలినా, కోర్టు ప్రకటిస్తే తప్ప మతి స్థిమితం లేనివాడు అనకూడదు. ఇల్లు ఖాళీ చేయించడాన్ని ఇది నేరుగా ఆపదు, కానీ తెలిసి ఉండాలి.

ఈ లేబుళ్ళ గొడవ ఎక్కువగా నా దగ్గరికి విడాకుల కేసుల్లో వస్తుంది. చాలామందికి తెలియదు, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లోనే "సైకోపతిక్ డిజార్డర్" అని ఉంది, 1976 సవరణలో చేర్చారు. దాని నిర్వచనం హేర్ జాబితా కాదు. ఎడతెగని మానసిక రుగ్మత ఉండాలి, దాని వల్ల విపరీతమైన దూకుడు లేదా తీవ్రమైన బాధ్యతారాహిత్యం కనిపించాలి. ఇప్పుడు క్లయింట్లు నెట్‌లో దొరికిన జాబితా ప్రింట్ తీసి, భార్య పేరు రాసి, మార్కులు వేసుకుని వస్తున్నారు. మగవాళ్ళూ తెస్తారు, ఆడవాళ్ళూ తెస్తారు. నేను ఆ కాగితం వెనక్కి ఇచ్చేస్తాను. 1988లోనే సుప్రీం కోర్టు రామ్ నారాయణ్ గుప్తా కేసులో తేల్చింది, జబ్బు పేరు ఒక్కటీ చాలదు, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని నిరూపించాలి. అది స్కిజోఫ్రీనియా కేసు. నిజంగా డయాగ్నోసిస్ ఉన్న జబ్బుకే అంత నిరూపణ అడిగితే, ప్రింటౌట్ మీద మార్కులు ఎవరు చూస్తారు?

గాంధీబజార్_గోపి
లాయర్ గారూ, మన ఊళ్ళో ఒకప్పుడు నార్కో టెస్టులు తెగ జరిగేవి కదా. టీవీలో మత్తులో మాట్లాడే వీడియోలు కూడా వేశారు.

లాయర్_మల్లేశ్వరం
అవును, దేశం నలుమూలల నుంచి నిందితుల్ని బెంగళూరు ల్యాబ్‌కి తెచ్చేవారు. 2010లో సెల్వీ వర్సెస్ కర్ణాటక తీర్పుతో ఇష్టం లేకుండా నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్, లై డిటెక్టర్ చేయకూడదని సుప్రీం కోర్టు చెప్పింది. మనిషి బుర్రలో ఏముందో మేం బయటినుంచి చెప్పేస్తాం అన్న ధీమా అప్పుడూ ఇదే.

వైట్‌ఫీల్డ్_సునీత
పిల్లల సంగతి ఎవరైనా చెప్పండి. మావాడికి తొమ్మిదేళ్ళు. హోంవర్క్ గురించి అబద్ధాలు, పక్కవాడి పెన్సిల్ బాక్స్ విరగ్గొట్టాడు. క్లాస్ పేరెంట్స్ గ్రూపులో ఒకావిడ "సైకోపాత్ పిల్లల్ని గుర్తించడం ఎలా" అన్న వీడియో పెట్టింది. ఎవరి పేరూ రాయలేదు కానీ అందరికీ అర్థమైంది. టెన్షన్‌తో తిండి సహించడం లేదు.

డాక్టరమ్మ_లావణ్య
సునీత గారూ, యాంటీసోషల్ పర్సనాలిటీ అనే డయాగ్నోసిస్ 18 ఏళ్ళు నిండకుండా ఇవ్వడానికి వీల్లేదు. అది రాతపూర్వక నియమం. తొమ్మిదేళ్ళ పిల్లాడు హోంవర్క్ గురించి అబద్ధం చెప్తే ముందు చూడాల్సింది చదవడం, రాయడం వస్తోందా, కళ్ళు, చెవులు బాగున్నాయా, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, నిద్ర సరిగా ఉందా అని. పిల్లల డాక్టరుతో మొదలుపెట్టండి.

రాన్సన్ పుస్తకంలో చివరి వైపు ఉన్న చాప్టర్ ఇదే. అమెరికాలో నాలుగైదేళ్ళ పిల్లలకి కూడా బైపోలార్ అని రాసి గట్టి మందులు ఇచ్చారు. రెబెకా రైలీ అనే నాలుగేళ్ళ పాప 2006లో ఆ మందులు ఎక్కువై చనిపోయింది. ఆ వరద ఆపడానికే 2013 డీఎస్ఎం-5లో చిరాకు, కోపం ఎక్కువ ఉన్న పిల్లలకి వేరే పేరు పెట్టారు. పుస్తకం మీద మా రంగంలో చాలామందికి అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. ఈ చాప్టర్ మాత్రం ప్రతి తల్లీ తండ్రీ చదవాలి.

వైట్‌ఫీల్డ్_సునీత
చదవడంలో తడబడతాడు మేడం. బోర్డు మీదిది ఎక్కించుకోలేడు. బద్ధకం అనుకున్నారు టీచర్లు.

డాక్టరమ్మ_లావణ్య
అయితే ముందు అదే పరీక్ష చేయించండి. వీడియో పెట్టిన ఆవిడకి జవాబు ఇవ్వాల్సిన పని లేదు.

కోరమంగళ_కిరణ్
సైకోపాత్‌లకి చికిత్సే లేదంటారు కదా, నిజమేనా? కెనడాలో ఓక్ రిడ్జ్ అనే మానసిక ఆస్పత్రి కథ చదివాక నాకు అలాగే అనిపించింది. 1960ల చివర్లో ఎలియట్ బార్కర్ అనే డాక్టరు రోగుల్ని బట్టల్లేకుండా ఒకే గదిలో పెట్టి, ఎల్ఎస్‌డీ అనే భ్రమలు పుట్టించే మందు ఇచ్చి, గోడలోంచి గొట్టాలతో తిండి పంపించాడు. మనసు విప్పుతారని. 1992లో లెక్క తీస్తే ఆ చికిత్స పొందిన సైకోపాత్‌లు, పొందనివాళ్ళకన్నా ఎక్కువ హింసకి పాల్పడ్డారు.

డాక్టరమ్మ_లావణ్య
దాన్ని బట్టి ఆ చికిత్స పనికిరాదని చెప్పొచ్చు, ఏ చికిత్సా పనికిరాదని కాదు. 2017లో ఒంటారియో జడ్జి అక్కడ జరిగినవి చిత్రహింసలే అన్నారు. మనుషుల్ని చిత్రహింస పెట్టి బాగుపడలేదేంటి అనడం ఏం న్యాయం? టీనేజీలోనే పట్టుకుని ఓపిగ్గా పని చేస్తే హింస తగ్గిందని చూపించే పరిశోధనలు వచ్చాయి.

మారతహళ్ళి_మధు
ఇంతకీ బాలు ఏం చేయాలి? అది తేల్చండి.

లాల్‌బాగ్_రేవతి
షీట్ తీయించాలి. ఆ అబ్బాయితో మాట్లాడాలి, జాలి చూపిస్తున్నట్టు కాకుండా. హెచ్‌ఆర్‌కి వెళ్ళాలా వద్దా అన్నది అతని ఇష్టం, బాలు ఇష్టం కాదు.

షేర్ల_శీను
హెచ్‌ఆర్‌కి వెళ్తే టీంలో బాలుకి కూడా మార్కులు పడతాయి. జాగ్రత్త.

డాక్టరమ్మ_లావణ్య
రేవతి గారి మాటే నాది. అతనికి నిద్ర, తిండి పోయి కుంగిపోతున్నట్టు అనిపిస్తే 14416 నంబరు ఇవ్వండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి పగలు పని చేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. మాట తక్కువ అన్నందుకు మాత్రం ఇవ్వొద్దు. మాట తక్కువ ఉండటం జబ్బు కాదు.

బెళ్ళందూరు_బాలు
నిన్న సాయంత్రం కలిశాను. షీట్ అప్పటికే తీయించాను. గ్రూపులో "జైలు షరతులు తప్పాడా లేదా అన్న లైన్‌కి ఏ ఫైల్ చూసి సున్నా వేశారు" అని అడిగితే ఒక్కరూ పలకలేదు.

ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. "నేను ఇంటి దగ్గర కూడా ఇంతే అన్నా, నాకు ఎక్కువ మాట్లాడబుద్ధి కాదు" అన్నాడు. అంతే, దాని వెనక వేరే కథేమీ లేదు. కానీ కోపంగా ఉన్నాడు, ఉండాలి కూడా. స్క్రీన్ షేర్ అయినప్పుడే ఫోటో తీసి పెట్టుకున్నాడట. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి నాకు చూపించాడు, నాలుగు లైన్లు, ఒక్క మాట ఎక్కువ లేదు. సాక్షిగా నా పేరు రాయొచ్చా అని అడిగాడు. రాయమన్నాను. సోమవారం పంపిస్తున్నాడు.